నేల యోగ్యత

క్రొత్త చోట ఇల్లు కట్టదలచినవారు మొదట విచారించవలసినది నీటి సంగతి. తరువాతే నేల సంగతి. ప్రోతరాపూర్ ఉన్న దక్షిణ అండమాన్ చరిత్ర ఇందుకు సాక్ష్యం.

1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఇక్కడి చాతమ్ ద్వీపంలో వలస నెలకొల్పాడు. నౌకాదళానికి మేలైన రేవని 1792లో దానిని ఉత్తర అండమాన్‌కు తరలించారు. అక్కడ వ్యాధులు ప్రబలడంతో 1796లో వలసనే ఎత్తివేశారు. ఓడలకు అనువైన తీరం మనుషులకు అనువు కాలేదు. 1857లో బయలుదేరిన మౌఅట్ సంఘం దీవులను పరిశీలించి తిరిగి పాత రేవునే ఎంచింది. 1858 మార్చిలో ఖైదీలు వచ్చి దిగారు. ఆ నేలపై తరతరాలుగా జీవిస్తున్న గ్రేట్ అండమానీయుల సమ్మతిని ఎవరూ కోరలేదు. క్రొత్తవారితో వచ్చిన రోగాలకు వారిలో అత్యధికులు బలైపోయారు.

1949 నుంచి తూర్పు పాకిస్తాన్ శరణార్థులకు ఈ దీవులలో సాగుభూములు ఇచ్చారు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ సుమారు ఒక మీటరు కుంగింది. ప్రోతరాపూర్‌కు చేరువలోని సిప్పీఘాట్ వరిపొలాలలో సముద్రపు నీరు నిలిచిపోయింది. యోగ్యమని ఒకనాడు తేల్చిన నేలే సాగుకు పనికిరాకుండా పోయింది.

2011 జనగణన ప్రకారం దీవులలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు అనేకం. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురిసినా ఇక్కడ వేసవిలో నీటి ఎద్దడి తప్పదు. కనుక స్థలం చూడవచ్చినవారు వానాకాలపు పచ్చదనాన్ని చూసి మురిసిపోరాదు. ఏప్రిల్‌లో బావి లోతును, పౌర్ణమి పోటులో నీటి హద్దును చూసిన మీదటనే పునాది తీయడం వివేకం.