రా, రండి, దయచేయండి



చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) క్రియాపరిచ్ఛేదాన్ని వృత్తిలో ఉన్నంతకాలం బోధించాను. విధ్యర్థకం, ఆశీరర్థకం అనగానే నర్సీపట్నం పిల్లలు ఆవులించేవారు. పదవీ విరమణ తరువాత ఆ పాఠం మళ్ళీ పనికివచ్చింది స్పానిష్ భాష పుణ్యమా అని.

డాలస్‌లో ఉన్న మా మనవడికి బడిలో స్పానిష్ రెండవ భాష. చనువున్నవారిని 'వెన్' అని పిలవాలి, అంటే 'రా'. పెద్దవారినైతే 'వెంగా'. ఈ రెండోది నిజానికి ఆజ్ఞారూపం కాదు. కోరికను, సందేహాన్ని తెలిపే వేరొక క్రియారూపం. 'వీవా' అన్న జయధ్వానమూ ఆ కోవలోదే. మన 'వర్ధిల్లుగాక' వంటిది. అంటే వారు పెద్దలను ఆజ్ఞాపించరు, 'వచ్చుగాక' అని ఆకాంక్షిస్తారు.

వారి 'ఉస్తెద్' (మీరు) అన్న మాట 'తమ దయ' అనే అర్థమున్న పాత సంబోధన అరిగి ఏర్పడింది. అందుకే ఎదుటివారితో మాట్లాడుతున్నా క్రియ ప్రథమపురుషలో ఉంటుంది. మన 'తమరు' కూడా 'తాము'కు చుట్టమే. 'దయచేయండి' అంటే 'రండి' అనే కదా! సముద్రాలకు ఆవల వారూ మర్యాదకు దయనే ఆశ్రయించారు.

మనవడు ఈ పట్టికను తడుముకోకుండా అప్పజెబుతాడు. కాని కిందటి వేసవిలో ఇక్కడికి వచ్చినప్పుడు, డెబ్బయ్యేళ్ళు దాటిన మా మిత్రునితో "ఇలా రా, కూర్చో, నీ పేరేమిటి?" అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నారు. మా కోడలు మాత్రం తలవంచుకుంది.

తప్పు పిల్లవాడిది కాదు. పుట్టినది మొదలు వాడు విన్న తెలుగు "తిను, రా, పడుకో". అన్నీ వాడికి చెప్పిన ఏకవచనాలే. ఇంటికి వచ్చిన పెద్దలతో తల్లిదండ్రులు ఇంగ్లీషులో మాట్లాడితే "రండి, కూర్చోండి" అన్న మాటలు వాడి చెవిన పడేదెప్పుడు? ఇక్కడి పిల్లలకు గుమ్మంలో, బస్సులో, సంతలో "రండి బాబూ" అన్న పిలుపు నిత్యం వినబడుతుంది. మర్యాదను వారికి ఎవరూ పనిగట్టుకుని నేర్పనక్కరలేదు.

వాడి స్పానిష్ పట్టిక పక్కనే మరొక గడి గీశాను. వెన్, రా, వెంగా, రండి. అబ్లా, మాట్లాడు, అబ్లె, మాట్లాడండి. వద్దనడానికి స్పానిష్‌లో చనువున్నవారికి కూడా ఆ ఆకాంక్షారూపమే: 'నో వెంగాస్'. మనకు 'రాకు', 'రాకండి' అని వేరుగా ఉన్నాయి. పావుగంటలో వాడికి బోధపడింది. సాయంత్రం మిత్రుడు మళ్ళీ వస్తే "కూర్చోండి తాతగారూ" అని కుర్చీ జరిపాడు.

విదేశాలలోని మిత్రులకు ఒక మనవి. పిల్లలతో తెలుగు మాట్లాడుతున్నారు, సంతోషం. పిల్లలు వింటూండగా పెద్దలతోనూ తెలుగులోనే మాట్లాడండి. 'రా' అన్నది వారికి మీరు చెప్పే మాటల్లోనే దొరుకుతుంది. 'రండి' మాత్రం మీరు ఇతరులతో అంటూండగా వినవలసినదే.