ఎంతలో ఆగుతది?

దుమ్ముగూడెం నుంచి పాల్వంచలో డ్యూటీకి రానూపోనూ వంద కిలోమీటర్లు దాటుతుంది. అతని పాత వంద సీసీ బండి పెట్రోలు పొదుపులో బంగారమే. చిక్కల్లా చీకటి పడ్డాక, ఇంటికొచ్చేటప్పుడు. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ దుంగలతో వెళ్లే లారీని దాటాలంటే దానికి ఊపు చాలదు.

కొత్తది కొందామంటే తండ్రి ‘లీటరుకి ఎంతిస్తదిరా?’ అన్నాడు. షోరూములోనూ ముందు ఆ లెక్కే చెప్పారు లెండి! భార్య మాత్రం ‘ఎంతలో ఆగుతదండీ?’ అనడిగింది. అసలు ప్రశ్న అదే. 125 సీసీ దాటిన బళ్లకు 2019లో ఏబీఎస్ తప్పనిసరి చేశారు. గట్టిగా బ్రేకు వేసినా ముందు చక్రం బిగుసుకుపోదు.

నూటయాభై సీసీది తెచ్చాడు. పాతబండి చప్పుడు ఆమెకు మలుపులోనే తెలిసిపోయేది. దీనిది ఇంకా అలవాటు కాలేదు... ఏ బండి వచ్చినా గేటు దాకా వచ్చి చూస్తోంది.