2504లో పని ఎవరు చేస్తారు?

ఒక చిత్రం చూసి పదిమంది పది మాటలు చెబితే, "లోకో భిన్నరుచిః" అని సరిపెట్టుకోవటం మనకు అలవాటు. కాని రుచి గాలిలో పుట్టదు. ఎవరు ఏ బ్రతుకు బ్రతుకుతున్నారో ఆ బ్రతుకులోనుంచే తెరవైపు చూస్తారు. భవిష్యత్తును చూపించే చిత్రం విషయంలో ఇది మరీ స్పష్టం. రేపటిని ఎవరూ చూడలేదు గనుక ప్రతివాడూ తాను కోరే రేపటినో, భయపడే రేపటినో అందులో వెతుక్కుంటాడు.

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991 జూలై 18న వచ్చిన "ఆదిత్య 369" సంగతే తీసుకుందాం. ఒక శాస్త్రవేత్త తయారుచేసిన కాలయంత్రంలో అతని కూతురు హేమ, ఆమెను ప్రేమించిన కృష్ణకుమార్ 1526 నాటి విజయనగరానికీ, తరువాత 2504వ సంవత్సరానికీ వెళ్తారు. 2025 ఏప్రిల్ 4న ఈ చిత్రం మళ్ళీ విడుదలయింది. ఆ వేసవిలో మా కంగ్టిలో విద్యార్థులూ, ఇరుగుపొరుగువారూ కలిసి దానిని చూశాం. తెలుగు, కన్నడం, మరాఠీ మూడూ వినబడే సరిహద్దు ప్రాంతం మాది. చెరకు నరకడానికి యేటా కుటుంబాలకు కుటుంబాలు వలసపోయే ప్రాంతం కూడా.

చూసినవారి అభిప్రాయాలు కలవలేదు. విశ్రాంత తెలుగు పండితులొకరు, "రాయలవారి ఘట్టమే అసలు చిత్రం, మిగతాది పిల్లలాట" అన్నారు. డిగ్రీ కుర్రవాడికి ఆ ఘట్టమే విసుగనిపించింది. 2504 రాగానే సర్దుకుని కూర్చున్నాడు. ఒక విద్యార్థిని మాత్రం, "వెయ్యేళ్ళు అటూఇటూ తిరిగినా హేమ చేసే పని ప్రేమించటమే గదా సార్! శాస్త్రవేత్త కూతురికి శాస్త్రం ఎందుకు అంటలేదు?" అన్నది. అందరూ చెప్పాక, చెరకు కోతనుంచి తిరిగివచ్చిన ఒక పెద్దమనిషి మెల్లగా అడిగాడు: "గా నేలకింది పట్నంల పని ఎవలు జేస్తున్రు సారూ? తిండి ఎవలు పండిస్తున్రు?"

ఇది అమాయకపు ప్రశ్న కాదు. కాలయంత్రాన్ని సాహిత్యంలో ప్రసిద్ధం చేసిన హెచ్.జి. వెల్స్ 1895లో వేసిన ప్రశ్న ఇదే. ఆయన నవలలో కథ 8,02,701వ సంవత్సరానికి పోతుంది. నేలమీద ఏ పనీ చేయని సుకుమారులు, నేలకింద యంత్రాలు నడిపే మరొక జాతి. ఆనాటి ఇంగ్లండులోని ధనిక, శ్రామిక వర్గాల మధ్య అగాధం అలాగే పెరిగిపోతే మనిషి ఏమవుతాడన్నది వెల్స్ ఆలోచన. మన చిత్రం కాలయంత్రాన్ని తెచ్చుకున్నది, నేలకింది నివాసాన్ని తెచ్చుకున్నది. వర్గాన్ని దారిలో వదిలివేసింది. అణుయుద్ధపు విషం భూమిమీద మనిషిని బ్రతకనివ్వదన్న హెచ్చరిక విలువైనదే, కాదనను. కాని 1526లో రాజు, కవి, నర్తకి, వజ్రం వున్నారు. వజ్రం తవ్వినవాడి వూసు లేదు. 2504లో యంత్రాలున్నాయి, వాటి యజమాని ఎవరో తెలియదు.

చిత్రం విడుదలైన ఆరవనాడు, జూలై 24న, కేంద్ర ప్రభుత్వం నూతన పారిశ్రామిక విధానాన్నీ, బడ్జెట్టునూ ప్రకటించింది. తెరమీద 2504ను చూస్తున్న ప్రేక్షకుల రేపు ఢిల్లీలో ఆ విధంగా మారిపోతూ వుంది.

"మరి 'కల్కి 2898 ఏడీ' సంగతేమిటి?" అని ఒక విద్యార్థి అడ్డుతగిలాడు. న్యాయమైన అడ్డంకే. 2024 జూన్ 27న వచ్చిన నాగ్ అశ్విన్ చిత్రంలో కింద ఎండిపోయిన కాశీ, పైన సకల సంపదల కాంప్లెక్స్ వున్నాయి. పైకి పోవాలంటే పది లక్షల యూనిట్లు సంపాదించాలి. అంటే ప్రశ్న తిరిగివచ్చింది. జవాబు మాత్రం పుట్టబోయే అవతారపురుషుడి చేతిలో పెట్టారు. కింద వున్నవాళ్ళు ఎదురుచూడాలన్నమాట.

"సినిమాను సినిమాగా చూడాలి, యూనియన్ తీర్మానంగా చూస్తే ఆనందమెక్కడ?" అనే వాదం కూడా వచ్చింది. దీనిని తేలికగా తోసివేయరాదు. అద్భుతాన్ని చూసి ఆనందించే హక్కు శ్రమజీవికి అందరికంటె ఎక్కువ. పని ఎవరు చేస్తున్నారని అడిగిన పెద్దమనిషే, కాలయంత్రం కదిలినప్పుడు పిల్లలకంటె ముందు చప్పట్లు కొట్టాడు. ఆనందానికీ ప్రశ్నకూ వైరం వున్నదని చెప్పేది చదువుకున్న మనమే.

నాకు బాధ కలిగించేది వేరే వున్నది. "ఇరవై ఏళ్ళ తరువాత" అని వ్యాసం రాయమంటే మా విద్యార్థులు హైటెక్ సిటీ గురించి రాస్తారు, అమెరికా గురించి రాస్తారు. కంగ్టి గురించి ఎవరూ రాయరు. తమ వూరికి ఒక రేపు వుంటుందన్న ఊహే వారికి ఎవరూ ఇవ్వలేదు. బడ్జెట్టూ ఇవ్వలేదు, సినిమా ఇవ్వలేదు, మన పాఠాలూ ఇవ్వలేదు.

కనుక అభిప్రాయభేదాలను రుచిభేదాలని కొట్టివేయకుండా, ఏ అభిప్రాయం ఏ బ్రతుకునుంచి వచ్చిందో అడగటం విమర్శకుడి మొదటి పని. రేపటిని ఊహించే హక్కు కాలయంత్రం ఎక్కినవారిదే కాదు, దాని ఇనుము కరిగించినవారిది కూడా. వారి ఊహ తెరకెక్కేదాకా మన భవిష్యత్ చిత్రాలన్నీ సగం చిత్రాలే.