గుండ్రని పేకముక్కల్లో దశావతారాలు

ఒడిశాలోని గంజాం పల్లెల్లో ఆడే గంజపా ముక్కలు గుండ్రంగా ఉంటాయి. బరంపురం వైపు వెళ్లినప్పుడల్లా వాటి గురించే ఆలోచిస్తుంటాను. మూలంలో ఇది గంజిఫా అనే పారశీకుల ఆట. 1527లో బాబరు సింధులోని షా హసన్‌కు గంజిఫా ముక్కలు పంపించానని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మొగలుల ఆటలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు. రంగుల్లో బానిసలు, కిరీటాలు, కత్తులు, నాణేలు లాంటివి ఉండేవి. అంతా దర్బారు లోకం.

ఆ దర్బారును మన చిత్రకారులు వైకుంఠంగా మార్చేశారు! పది అవతారాలకు పది రంగులు, రంగుకు 12 చొప్పున 120 ముక్కలు. ఒక్కో రంగులో రాజు, మంత్రి, తక్కినవి ఒకటి నుంచి పది దాకా. మత్స్యావతారానికి చేపలు, పరశురాముడికి గొడ్డళ్లు. ఒడిశా చిత్రకారులు తొమ్మిదో అవతారంగా జగన్నాథుణ్ణి కూర్చోబెట్టారు. రామాయణం ముక్కలూ గీశారు.

పాతగుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, ఆరబెట్టి, గుండ్రంగా కోస్తారు. అరచేతిలో ఇమిడే ఆ బిళ్ల మీద సన్నని కుంచెతో దేవుణ్ణి నిలపడం నా దృష్టిలో గుడి గోడమీద చిత్రానికి ఏమాత్రం తీసిపోని పని. పైగా ఈ దేవుడు భక్తుల చేతుల్లో తిరుగుతాడు. మన నిర్మల్‌లోనూ ఇలాంటి ముక్కలు తయారయ్యేవి. అచ్చు కాగితపు పేకలు చవగ్గా వచ్చాక గిరాకీ పడిపోయింది. మ్యూజియాలు కొంటున్నాయి, మంచిదే. కానీ రచ్చబండ దగ్గర నలుగురు కూర్చుని ఆడితేనే గీసేవాడికి పని దొరుకుతుంది.