సైకిలుకి ముందు ఏం కొనాలి?

కొండ ఎక్కేటప్పుడు సైకిలు తోసుకుంటూ పోవచ్చు. దిగేటప్పుడు మాత్రం బ్రేకే దిక్కు.

మాది పాడేరు వైపు కొండ ఊరు. అన్నయ్య పాత గేరు సైకిలు మీద సంతకి పసుపు వేసుకెళ్తాడు. చెల్లి వెనక కూర్చుని ఘాటు దిగుతుంది. దసరా సెలవుల్లో దాన్ని బాగుచేద్దామని కూర్చున్నాం. ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. అన్నయ్య సీటు అన్నాడు, నేను బ్రేకు రబ్బర్లు అన్నాను. దాని రిమ్ములు ఇనుపవి. వానకి తడిస్తే బ్రేకు సరిగా పట్టదు. అల్యూమినియం రిమ్ములైతే కొంత నయం. పైగా మా రబ్బర్ల గాళ్లు పూర్తిగా అరిగిపోయాయి.

చైను కూడా చూశాం. దానికి మన స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే, కొత్త చైనుకి 24 లింకుల తర్వాత పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చాలి. మార్చకపోతే ఫ్రీవీలు పళ్లనీ తినేస్తుంది, ఖర్చు రెండింతలు. మాది సరిగ్గానే ఉంది. అందుకే రబ్బర్లు కొన్నాం. సీటుకి గోనె ముక్క చుట్టాం.

కొత్త రబ్బరు రిమ్ముకే తగలాలి. టైరుకి రాసుకుంటే టైరు కోసుకుపోతుంది. ఈసారి ఇంటికెళ్తే స్కేలు మర్చిపోకండి!