వాటా పత్రం

వాణిజ్యశాస్త్రంలో ‘యాజమాన్యం’ అన్న అధ్యాయం పరీక్షకు మిక్కిలి అనుకూలమైనది. ప్రైవేటు, సహకార, ప్రభుత్వ రంగములని మూడు శీర్షికలు. ఒక్కొక్కదాని క్రింద గుణములు, దోషములు. మేమందరం అదే వ్రాశాం, మార్కులూ తెచ్చుకున్నాం. ఆ జవాబులోని కొరత పరీక్షలయిన పిమ్మట, మాలో ఒకరి తాతగారింట మాకు తెలిసివచ్చింది.

తాతగారు చేనేత కార్మికులు. యౌవనంలో షావుకారుకు నేసేవారు. నూలు షావుకారుది, నేసిన చీర షావుకారుది. మగ్గం మీద వంగిన వెన్ను మాత్రమే వీరిది. ముందుగా తీసుకున్న బాకీ మజూరీలో కోసుకొనగా మిగిలినదే ఇల్లు చేరేది. ఊళ్ళో సహకార సంఘం ఏర్పడగానే పది రూపాయలు పెట్టి ఒక వాటా కొన్నారు. నూరు వాటాలున్న వానికైనా, ఒక్క వాటా ఉన్న వానికైనా సభలో ఒకటే ఓటన్న మాట ఆయనకు నమ్మశక్యం కాలేదట. సహకారాన్ని మా ఉర్దూ మిత్రులు ‘ఇమ్దాదే బాహమీ’ అంటారు. ఒకరికొకరు సాయపడటమని అర్థం. మా పాఠ్యపుస్తకపు నిర్వచనం కంటే తాతగారికి ఆ మాటే నచ్చింది.

కొన్నేళ్ళు బాగానే సాగింది. తరువాత ఎన్నికలు వాయిదా పడ్డాయి. పాలకవర్గం స్థానంలో ఒక అధికారి వచ్చారు. నూలు సమయానికి అందలేదు. పొదుపు పేర మజూరీలో కోసిన సొమ్ము పాస్‌బుక్కులోకి ఎక్కలేదు. నానమ్మగారికి జబ్బు ముదిరిన రాత్రి సంఘం కార్యాలయానికి తాళం వేసి ఉన్నది. షావుకారు తలుపు తీశాడు. సంతకమైనా అడగక డబ్బు చేతిలో పెట్టాడు. ఆ వారం నుండి మగ్గం మీద మళ్ళీ అతని నూలే. దీనిని గుణముల క్రింద వ్రాయవలెనో, దోషముల క్రింద వ్రాయవలెనో మాకు నేటికీ తోచదు.

అన్నీ సర్కారే నడిపితే సరి అని మాలో కొందరు వాదించారు. ఒకరి తండ్రిగారు ఆర్టీసీ డ్రైవరు. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో ప్రారంభించిన రవాణా శాఖయే 1958లో కార్పొరేషనుగా రూపొందింది. నలుగురే ఎక్కే పల్లెకు సైతం బస్సు పోవడం దాని ఘనత, కాదనలేము. కాని బోధన్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారమో? ప్రభుత్వ సంస్థగా పేరొందిన దానిలో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు పరమైంది; 2015లో మూతపడింది. ఇన్ని మార్పులలో ఎన్నడూ చెరకు పండించిన రైతు యజమాని కాలేదు.

ముల్కనూరు సంగతి తాతగారికి చెప్పాం. 1956లో కాశీ విశ్వనాథరెడ్డి గారు 14 గ్రామాల రైతులతో నెలకొల్పిన ఆ సహకార సంఘం నేటికీ రైతులకు అప్పులిస్తూ, వారి పంట కొంటూ నిలిచి ఉన్నదని ఉత్సాహంగా వివరించాం. ఆయన అంతా విని ఒక్కటే అడిగారు: “ఆడ సభకు ఎంతమంది వస్తరు?”

మా వద్ద జవాబు లేదు.

“మా సభల లెక్కలు చదివిన్నాడు పొదుపు పైసల ముచ్చటే రాలే బిడ్డా. అడుగుదామనుకున్న. పెద్దమనుషులున్నరని ఊకున్న. మరుసటేడు సంది పోవుడే బంద్ జేసిన.”

ట్రంకుపెట్టెలో నుండి వాటా పత్రం తీసి చూపారు. అంచులు నలిగినా సంఘం ముద్ర స్పష్టంగానే ఉన్నది. వచ్చే నెలలో మహాజనసభ అని నోటీసు వచ్చిందట. తన పొదుపు సొమ్ము ఎంత, ఏ బ్యాంకులో ఉన్నదన్న ప్రశ్నను మాచేత ఒక తెల్లకాగితం మీద వ్రాయించారు. కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చూసి, అక్షరాలు ఇంకా పెద్దవిగా మళ్ళీ వ్రాయమన్నారు.