గుంటకకు అందని చోటు

పల్నాటిసీమలో నరసరావుపేటనుండి గురజాలకు పోవు దారిలో, పిడుగురాళ్ల సున్నపుబట్టీలు వెనుకబడిన పిమ్మట, ఇరుదెసల ప్రత్తిచేలును మిరపచేలును కానవచ్చును. రసాయనముల జోలికి పోక కలుపును అణచు సేద్యమును కన్నులార చూడవలెనను కోరికతో, శ్రావణమాసమున వానలు తెరపి యిచ్చిన అదను చూచి, అచటి యొక రైతు ప్రత్తిచేనికి వెళ్ళితిని.

గట్టున నిలిచి చూడగా మొక్కలు నిలువునను అడ్డమునను సూటియైన సాళ్ళుగా కనబడెను. విత్తుటకు ముందే చేనికి రెండుదిక్కుల అచ్చుతోలి, గీతలు కలిసిన తావులందే గింజలు పెట్టుదురు. అందువలననే గుంటక రెండువైపుల తిరుగుటకు వీలు కలుగును. పైరు కొరకకుండ మూతులకు చిక్కములు కట్టిన ఎడ్లజత సాళ్ళనడుమ మెల్లగా నడచుచుండ, గుంటకపాస మట్టిలో లోతులేకుండ దిగి, ఊదను గలిజేరును వేళ్ళతోసహా కోసి ఎండకు వెల్లకిల వేయుచుండెను. తుంగ మాత్రము భూమిలోని గడ్డల బలమున మరల మొలచునట. “అంతా పదునులో ఉందండీ. తడి ఎక్కువైతే పాసకు మట్టి పట్టేస్తది, ఆరిపోతే పాస దిగదు. ఆ నడిమి రోజులు దొరికితేనే సేద్యం” అని రైతు చెప్పెను.

ఎంత నేర్పరి తోలినను, మొక్క మొదట జానెడు చోటు గుంటకకు అందదు. అచట మొలచిన కలుపే పైరుతో సమానముగా నీటిని, సారమును పీల్చును. దానిని తీయుటకై స్త్రీలు వరుసగా వంగి, ఎడమచేత మొక్కను ఒరగబట్టి, కుడిచేతి కొడవలితో గడ్డిని వేరుకంట పెకలించుచుండిరి. వారిలో పెద్దయైన యొకామె, “మొక్కేదో కలుపేదో చేతికే తెలిసిపోద్దయ్యా. నడుమే ఒప్పుకోవట్లేదు” అనెను.

కూలికి మనుష్యులు దొరకనపుడు రైతు కలుపుమందునకు చేయిచాచుటలో ఆశ్చర్యము లేదు. కాని గ్లైఫోసేట్ వంటి మందు సోకిన సామాన్యపు ప్రత్తియు కలుపుతోపాటే మాడును. దానిని తట్టుకొను ప్రత్తివిత్తనమునకు మనదేశమున అనుమతి లేదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఆ మందును, అనుమతి పొందిన చీడనివారణ నిర్వాహకులు తప్ప ఇతరులు వాడరాదని శాసించెను. మన రాష్ట్రపు ప్రకృతి వ్యవసాయోద్యమమునకు 2024లో పోర్చుగల్‌నందలి గుల్బెంకియన్ పురస్కారము లభించుట గర్వకారణమే. అయినను మందు మానిన ప్రతి చేనియందును కలుపుతీత భారమంతయు ఎవరో యొకరి నడుముపై పడుచున్నదని మరువరాదు.

ఈ భారమును తీర్చుటకు విదేశములందు యంత్రములు వెలసినవి. డెన్మార్కు దేశపు ఫార్మ్‌డ్రాయిడ్ సూర్యశక్తితో నడచుచు, తాను గింజ నాటిన ప్రతి తావును ఉపగ్రహసంకేతముల సాయమున గుర్తుంచుకొని, మొలక కానరాకముందే దాని పరిసరములందలి కలుపును తొలగించును. అచ్చుతోలు పల్నాటి రైతునకు ఈ సూత్రము క్రొత్తది కాదు: మొక్క తావు ముందే నిశ్చితమైనచో తక్కినదంతయు కలుపే. అమెరికాయందలి కార్బన్ రోబోటిక్స్ యంత్రమో, కెమెరాలతో పైరును కలుపును వేరుపరచి, కలుపు పెరుగుమొగ్గను లేజరుకిరణముతో మాడ్చును. ఆ పెద్దామె చేతికున్న వివేకమునే అది గాజుకన్నులతో నేర్చుకొనుచున్నది.

అయితే ఆ యంత్రములు విశాలమైన చదునుచేలకై పుట్టినవి. మన కమతములు చిన్నవి. తడిసిన రేగడి ఏ చక్రమునైనను పట్టి నిలుపును. ఒక్క రైతు కొనగల వస్తువులు కావవి. కావున మన యంత్రనిర్మాతలు తేలికయైనదియు, ఊరంతయు అద్దెకు వాడుకొనదగినదియు, రేగడిపదును ఎరిగినదియునగు యంత్రమును, వానకాలపు పల్నాటిచేలలోనే పరీక్షించి రూపొందింపవలెను. సాళ్ళనడుమ పనికి గుంటక చాలును. యంత్రము మొట్టమొదట నేర్వవలసినది మొక్కమొదటి జానెడు చోటి పని.

ఆ పనికూలియే జీవనాధారమైన స్త్రీలను చేనినుండి వెడలగొట్టి వచ్చు యంత్రము నాకు సమ్మతము కాదు. కలుపును గుర్తించు విద్యలో వారిని మించిన గురువులు లేరు గనుక, యంత్రమునకు ఆ విద్య నేర్పుటయు, దానిని నడపుటయు, దాని అద్దెరాబడిలో భాగము పొందుటయు వారికే దక్కవలెను. అపుడు మందును మానుటయే గాక, వంగిన నడుములు నిటారుగా నిలుచుటయు ఈ సేద్యమునకు ఫలమగును.